ఎండాకాలం మా సేద్యం: ఎక్కువమంది అడిగే ప్రశ్నలు, మా జవాబులు

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. మొత్తం ఆరెకరాలు. నాలుగెకరాలు వానను నమ్ముకుని శెనక్కాయ (వేరుశెనగ) వేసే ఎర్రనేల, రెండెకరాలు బోరు కింద చీనీ (బత్తాయి) తోట. రెండు ఆవులు, ఒక దూడ, పదీ పన్నెండు గొర్రెలు, కాసిని కోళ్లు ఉన్నాయి. సేద్యం చేసేది నేను, మా ఆయన, మా అత్త. బెంగళూరులో ఉండే మా తమ్ముళ్లు, ఈ మధ్య ఉద్యోగం మానేసి సొంతూరికి వచ్చి భూమి చూసుకుంటున్న పిల్లలు, సెలవులకు వచ్చే చుట్టాలు అందరూ దాదాపు ఇవే అడుగుతారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

పంట లేదు కదా, ఎండాకాలంలో మీకు పని ఏముంటుంది?

మా చిన్న తమ్ముడు ఏటా అడిగే ప్రశ్న ఇది. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మేఘాలు మా దగ్గరికి వచ్చేసరికి తేలిపోతాయి. తూర్పు సముద్రం దూరం, కాబట్టి అటు వానలూ పూర్తిగా అందవు. పడే ఆ కొంచెం వానను నేల తాగేటట్టు చేసుకోవడమే మా సేద్యం అంతా. దుక్కి, ఎరువు, కట్టలు, విత్తనం, మేత, ఇవన్నీ ఉగాది నుంచి మృగశిర కార్తె లోపలే జరగాలి. వాన పడ్డాక వీటిలో ఏదీ చేయడానికి తీరిక దొరకదు. మా మామ బతికున్నప్పుడు పంట ఎట్లా వస్తుందో మే నెలలోనే చేను చూసి చెప్పేవాడు.

రోజు ఎట్లా గడుస్తుంది?

నాలుగున్నరకు లేస్తాం. కసువు ఊడ్చి, పాలు పిండి, పేడ దిబ్బకు వేసి, ఆరు లోపల చేలో ఉంటాం. పదిన్నర దాటితే ఎవరమూ ఎండలో ఉండం. పదకొండు నుంచి నాలుగు దాకా కొట్టంలోనో, ఇంటి ముందు వేపచెట్టు కిందనో కూర్చుని చేసే పనులు. చింతపండు గింజ తీయడం, కాయలు ఒలవడం, తాళ్లు పేనడం, కొడవలికి, పారకు పిడి బిగించడం. నాలుగున్నరకు మళ్లీ చేనికి పోతే చీకటి పడేదాకా. రాత్రి మిద్దె మీద నీళ్లు చల్లి పడుకుంటాం. బండలు పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటాయి. తెల్లవారుజామున మూడు గంటల వేళ వచ్చే చల్లగాలిలో పట్టే నిద్రే అసలు నిద్ర.

వేసవి దుక్కి నిజంగా అవసరమా? ట్రాక్టరు బాడుగ దండగ కదా?

దండగ కాదు. మాలాంటి ఎర్రనేలకు అన్నింటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. పంట తీశాక ఎర్రనేల పైన పొర గట్టిపడి బిళ్లకడుతుంది. దాని మీద వాన పడితే నీళ్లు లోపలికి దిగకుండా వాలుకు జారిపోతాయి, పైన ఉన్న మెత్తని మట్టిని కూడా మోసుకుపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక మంచి జల్లు పడిన రెండు రోజులకు దుక్కి చేస్తే గడ్డలు లేకుండా తెగుతుంది. ఎండు నేలను దున్నితే పెద్ద పెద్ద పెళ్లలు లేస్తాయి, నాగళ్లు అరిగిపోతాయి, డీజిల్ ఎక్కువ కాలుతుంది.

ఇంకొక లాభం పురుగు విషయంలో. మా వైపు శెనక్కాయకు ఎర్ర గొంగళి పురుగు పెద్ద బాధ. పంట అయిపోయాక అది మట్టిలోకి దిగి కోశస్థ దశలో, అంటే ప్యూపాగా మారి, పడుకుంటుంది. మొదటి వానలకు రెక్కల పురుగై లేచి గుడ్లు పెడుతుంది. దున్నినప్పుడు ఆ ప్యూపాలు పైకొచ్చి ఎండకు మాడతాయి, మిగిలినవి పక్షులకు మేత అవుతాయి. ట్రాక్టరు వెనకే కొంగలు, గోరింకలు, కాకులు సాలు పట్టుకుని నడుస్తుంటాయి. నిరుడు మా ఆయన దున్నుతుంటే నేను వెనకాల నడిచి చూశాను. ఒక్క సాలులో, ముప్పై అడుగుల దూరంలో, పదకొండు కనిపించాయి. ముదురు గోధుమ రంగులో, చిటికెన వేలి గోరు అంత. ఒకటి అరచేతిలో పెట్టుకుంటే తోక కొస కదిలింది.

ఒకటి గట్టిగా చెబుతున్నాను: వాలుకు అడ్డంగా దున్నండి. ట్రాక్టరు డ్రైవరుకు పొడుగు సాళ్లు అయితే తొందరగా అవుతుందని వాలు వెంబడి తోలేస్తాడు. దగ్గర నిలబడి చెప్పి చేయించుకోవాలి. గరిక, తుంగ ఉన్న చోట రెండోసారి తిప్పి వేళ్లు ఎండబెట్టాలి.

గొర్రెల మంద కట్టించడం అంటే ఏమిటి? దానికి డబ్బు ఎందుకు ఇవ్వాలి?

ఎండాకాలంలో గొర్రెల కాపరులు మందలు తోలుకుని ఊరూరూ తిరుగుతారు. పగలంతా బీళ్లలో మేపి, రాత్రికి ఎవరి చేలో మంద నిలిపితే ఆ చేనికి పెంటికలు, మూత్రం దక్కుతాయి. పాతకాలంలో దీనికి జొన్నలు, రాగులు కొలిచేవాళ్లు. ఇప్పుడు డబ్బు, దానితో పాటు కాపరికి రాత్రి సంగటి. రేటు మందలో ఉన్న తలలను బట్టి, ఊరిని బట్టి మాట్లాడుకోవాలి.

ఇది నేను చాలా ఇష్టంగా ఎదురుచూసే పని. పొద్దుగూకే వేళ రెండు మూడు వందల గొర్రెలు దుమ్ము లేపుకుంటూ చేలోకి దిగుతాయి. కాపరి నాలుగు మూలలా గూటాలు పాతి వల కట్టేస్తాడు. కుక్క ఒక పక్క, కాపరి కంబళి పరుచుకుని ఇంకో పక్క పడుకుంటారు. రాత్రి సంగటి తీసుకుని పోతే చీకట్లో అన్నీ ఒక్కసారి తలెత్తి చూస్తాయి, మళ్లీ నెమరు మొదలవుతుంది. నడిరాత్రి కాపరి లేచి మందను ఒకసారి లేపి పక్కకు జరుపుతాడు. అట్లా జరిపితేనే ఎరువు అంతటా సమానంగా పడుతుంది. తెల్లారి చూస్తే నేల నల్లమచ్చలతో తడిగా ఉంటుంది.

అసలు సంగతి ఏమిటంటే మంద లేచిపోయాక ఆలస్యం చేయకుండా గుంటక (పైమట్టిని కదిలించే పనిముట్టు) తోలి మట్టిలో కలపాలి. ఎండలో వదిలేస్తే మూత్రంలోని నత్రజని ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మూడు రోజులు ఆగి దున్నితే మీరు ఇచ్చిన డబ్బులో సగం గాలికి ఇచ్చినట్టే.

చెరువు మట్టి తోలించుకోమంటున్నారు. మంచిదేనా?

ఎర్రనేలకు, గరప నేలకు మంచిది. ఒండ్రు కలిస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, వాన వెనకపడినప్పుడు చెట్టు ఓ వారం ఎక్కువ తట్టుకుంటుంది. నల్లరేగడికి అక్కర లేదు. తోలే ముందు ఒక పిడికెడు మట్టి పరీక్షకు పంపండి. చౌడు ఉన్న మట్టి తోలితే ఉన్న నేల కూడా పాడవుతుంది. మేము రెండేళ్ల క్రితం ఒక ఎకరాకు ముప్పై ట్రాక్టర్లు తోలాం. ఆ ఎకరాలో శెనక్కాయ చెట్టు మిగతా మూడెకరాల కంటే పచ్చగా కనిపిస్తుంది.

బోరులో నీళ్లు తగ్గాయి. కొత్త బోరు వేయించాలా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ముందు మా కథ చెబుతాను. మా పాత బోరు ఒక ఏప్రిల్‌లో గ్యాప్ ఇవ్వడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పోస్తుంది, అరగంట ఆగుతుంది. చీనీ చెట్లు వాడుతుంటే చూస్తూ ఉండలేక అప్పు చేసి బోరు వేయించాం. టెంకాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చూసే ఒకాయన ఒక చోట చూపించాడు. అక్కడ 650 అడుగులు దింపినా దుమ్మే వచ్చింది. అంత డబ్బు పోయింది కదా అని ఇంకో చోట 800 అడుగులు పోయాం. తడి మట్టి మాత్రం వచ్చింది. ఆ రాత్రి బండి వెళ్లిపోయాక మా ఆయన ఆ గుంత దగ్గరే కూర్చుండిపోయాడు. మాట్లాడించాలన్నా భయమేసింది. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది, నా మెడలోని గొలుసు కూడా పోయింది.

ఇప్పుడైతే ఏం చేయాలో తెలుసు. ముందు పాత బోరుకు నీళ్లు ఇంకించే ఏర్పాటు చేసుకోవాలి. బోరు చుట్టూ గుంత తీసి, కేసింగుకు (బోరు గొట్టానికి) రంధ్రాలు వేసి, మెష్ చుట్టి, పెద్ద రాళ్లు, కంకర, ఇసుక వరసగా నింపి, చేలో వాన నీళ్లు దాని మీదికి మళ్లించాలి. మట్టి నీళ్లు నేరుగా దిగకూడదు, అందుకే దానికి ముందు ఒక చిన్న గుంతలో ఒండ్రు పేరుకునేటట్టు పెట్టాలి. చేలో పల్లపు మూలన సేద్యపు కుంట తవ్వించుకోండి. మాకు ఉపాధి పనిలో ఒకటి తవ్వారు, అది రెండు వానలకు నిండినా బోరు నీళ్లలో తేడా తెలుస్తుంది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు జీడిపల్లి రిజర్వాయరు దాకా వచ్చాక ఆ చుట్టుపక్కల చెరువులు నింపిన ఊర్లలో బోర్లు తేరుకున్న మాట నిజం. మీ ఊరి చెరువుకు కాలువ నీళ్లు వచ్చే వీలుంటే అందరూ కలిసి దానికోసం తిరగండి, పది బోర్ల ఖర్చు కంటే అది మేలు.

అయినా కొత్త బోరు తప్పదనుకుంటే భూగర్భ జలాలు తెలిసిన వాళ్లతో సర్వే చేయించండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుని, బండి వాళ్లు ఎంత ఆశ పెట్టినా అక్కడ ఆపేయండి.

చీనీ చెట్లను ఎండ నుంచి ఎట్లా కాపాడుతున్నారు?

ఉన్న నీళ్లు డ్రిప్పుతోనే పెడుతున్నాం. కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తారు, అందుకని పొద్దున మొదటి రెండు గంటలు తోటకే. పాదుల్లో శెనక్కాయ పొట్టు, ఎండిన ఆకులు నాలుగు అంగుళాల మందాన పరుస్తాం. దీనితోనే నీళ్ల తడి రెండు రోజులు ఎక్కువ ఉంటుంది. పొట్టును మొదలుకు ఆనించకూడదు, జానెడు ఎడం ఉండాలి. నీళ్లు కూడా మొదలుకు తగలకూడదు, తగిలితే బంక తెగులు వస్తుంది. మొదళ్లకు రెండు అడుగుల ఎత్తు వరకు బోర్డో పేస్టు పూస్తాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ తొట్లలో కరిగించి తర్వాత కలపాలి, ఇనుప బకెట్లు వాడకూడదు. నీళ్లు మరీ చాలనప్పుడు పిందెలు కొన్ని రాలిపోతాయి. చెట్టు బతికితే వచ్చే ఏడు కాస్తుంది అని మనసు గట్టి చేసుకోవాలి.

పశువులకు మేత ఎట్లా సరిపోతుంది?

శెనక్కాయ కట్టె (కాయ తీసేశాక మిగిలిన ఎండు మొక్క) వామి, అంటే కుప్ప, వేసి పెట్టుకుంటాం. అదే మాకు బంగారం. జొన్న చొప్ప కూడా ఉంటే ముక్కలు కొట్టి, కొంచెం ఉప్పునీళ్లు చల్లి పెడితే వృథా కాకుండా తింటాయి. చీనీ తోట గట్ల మీద అవిశ, సుబాబుల్ చెట్లు పెట్టుకున్నాం, వాటి కొమ్మలు గొర్రెలకు సాయం. నీళ్లు రోజుకు మూడు నాలుగుసార్లు తొట్టి నింపాలి, తొట్టి నీడలో ఉండాలి. మధ్యాహ్నం వేడి నీళ్లున్న తొట్టి దగ్గరికి ఆవు పోదు, పాలు తగ్గుతాయి.

ఒక ప్రమాదం గురించి తప్పకుండా చెప్పాలి. కోసిన జొన్న మోళ్లు ఎండలో ఉండి, ఒక జల్లుకు మళ్లీ పిలకలు వేస్తాయి. పశువు ఆశగా మేస్తుంది. దానినే నాము అంటాం. లేత పిలకల్లో, నీటి ఎద్దడికి గిడసబారిన పైరులో విషం ఉంటుంది. మేసిన కాసేపటికే పశువు వణుకుతుంది, నోట నురగ, ఎగశ్వాస, కింద పడిపోతుంది. మా దూడ ఒకసారి పక్క చేలో దూరి నాలుగు కుదుళ్లు మేసింది. పశువుల డాక్టరు అరగంటలో వచ్చి రక్తనాళంలోకి సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఇచ్చాడు కాబట్టి లేచింది. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, నంబరు కొట్టం గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. నాటు మందులు పోసి టైం పోగొట్టవద్దు.

వానలకు ముందే, అంటే మే నెలలో, ఆవులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుక రోగం టీకా వేయించాలి. మొదటి పచ్చగడ్డి మేసినప్పుడే చిటుక రోగం వస్తుంది, తెల్లారేసరికి బలిసిన గొర్రెలే చచ్చి పడి ఉంటాయి.

విత్తనకాయ ఇంట్లోదే వాడవచ్చా? ఎట్లా దాచాలి?

వాడవచ్చు. మేము శెనక్కాయలో కదిరి-6 రకాన్ని చాలా ఏళ్లుగా వేస్తున్నాం, మూడేళ్లకు ఒకసారి మాత్రం విత్తనం మారుస్తాం. కాయ బాగా ఎండిందా అని చూడటానికి చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. గోనెసంచుల్లో పోసి, నేలకు ఆనకుండా కట్టెల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చాలి. ఒలిచిన గింజ తొందరగా పాడవుతుంది, అందుకని విత్తడానికి వారం పది రోజుల ముందు మాత్రమే ఒలవాలి.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. చింతకాయలు, శెనక్కాయ సంచులు ఒకే గదిలో పెడతారు. చింతకాయకు పట్టే పుచ్చు పురుగే శెనక్కాయకూ పడుతుంది. కాయ మీద గుండ్రని చిన్న కన్నం కనిపిస్తే లోపల గింజ అయిపోయినట్టే. ఒక ఏడు మా అత్త పెట్టిన చింతకాయ బుట్ట పక్కనే విత్తనం ఉండి రెండు సంచులు పోయాయి. ఆ రోజు నుంచి చింతపండుకు వేరే గది.

మొలక పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. పాత నూలు గుడ్డ తడిపి పిండి, దాని మీద పది వరుసలు, వరుసకు పది గింజలు పేర్చి, చాపలాగా చుట్టి, నీడలో కుండ పక్కన పెట్టాలి. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరిస్తే నాలుగో రోజుకు తెల్లని వేరు కొస బయటికి వస్తుంది. వారానికి విప్పి లెక్క పెడితే నూటికి డెబ్బై మొలిస్తే పనికొస్తుంది. ఎనభై తొంభై వస్తే ఆ రోజు మా ఇంట్లో పండగే. కొన్న విత్తనానికి కూడా ఈ పరీక్ష చేయండి. ఒకసారి సంచి మీద ముద్ర చూసి నమ్మి కొన్న విత్తనం సగం కూడా మొలవలేదు. ఆ ఏడు విత్తుకు పెట్టింది మొత్తం పోయింది.

చింతపండు పని లాభమేనా?

రెండు చింతచెట్లు ఉన్నవాళ్లకు ఎండాకాలంలో చేతికి డబ్బు వచ్చేది దీనితోనే. కాయలు రాల్చి, ఎండబెట్టి, పెంకు తీసి, కొట్టి, గింజ, ఈనె తీయాలి. పుల్లటి పొడి ముక్కులోకి పోయి తుమ్ములు, వేళ్ల కొసలు పగిలి ఉప్పు తగిలితే మంట. హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతే ఈనె తీసి శుభ్రం చేసిన కరిపులి రకానికి మంచి ధర, ఫ్లవర్ రకానికి తక్కువ. ఇంట్లో చేతులు ఉంటే కరిపులి చేయండి. ఒకేసారి అంతా అమ్మకుండా రెండు మూడు సార్లుగా అమ్ముతాం మేము.

వాన లేని రోజుల్లో ఇల్లు ఎట్లా గడుస్తుంది?

పాలు, చింతపండు, గొర్రెపిల్ల ఒకటి రెండు అమ్మడం, ఉపాధి పని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మా ఊర్లో ఎన్ని ఇళ్లను అది వలస పోకుండా ఆపిందో నేను కళ్లారా చూశాను. అయినా కొందరు ఇప్పటికీ ఉగాది కాగానే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊర్లో వదిలి బెంగళూరుకు పోతారు. మా వీధిలో మూడు ఇళ్లు అట్లా ఉన్నాయి. వాళ్ల అవ్వలకు సంగటి ముద్ద ఎవరో ఒకరం ఇచ్చి వస్తాం.

ఏం తింటారు?

పొద్దున రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) నంజుకుని తాగితే పదింటిదాకా ఆకలి ఉండదు. చేనికి సద్ది అంటే చద్దన్నం, పెరుగు, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరుబిండి (రోటి పచ్చడి). ఏప్రిల్‌లో చింతచిగురు పప్పు. ఆ చిగురు లేతగా ఉండేది పది పదిహేను రోజులే, పిల్లలను చెట్టెక్కించి కోయిస్తాం. మామిడికాయ ఊరగాయ గానుగ శెనక్కాయ నూనెతోనే పెడతాం. ఈతపండ్లు, తాటిముంజలు పిల్లల వంతు. చుట్టాలు వస్తే ఉగ్గాణి (బొరుగుల ఉప్మా), బజ్జీ, పండగకు ఓళిగలు (బొబ్బట్లు).

వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

తల తిరగడం, వాంతి, కాళ్లు పీకడం ఉంటే నీడకు తీసుకుపోయి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ తాగించాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచానే, ఉప్పు ఎక్కువ కాకూడదు. మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతూ చెమట ఆగిపోయినా, స్పృహ తప్పినా అది ప్రాణానికే ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. ముసలివాళ్లు దాహం అని చెప్పరు, మనమే గంటకొకసారి చెంబు చేతికివ్వాలి.

పాములంటే భయం. మీరు ఎట్లా ఉంటున్నారు?

ఎండకు అవి కూడా చల్లని చోటు వెతుక్కుంటాయి. కడవల వెనక, వామి కింద, డ్రిప్పు గేటు వాల్వుల దగ్గర, చీనీ పాదుల్లో పరిచిన పొట్టులో ఉంటాయి. బ్యాటరీ లైటు లేకుండా రాత్రి అడుగు బయట పెట్టం. పొట్టులో చేయి పెట్టే ముందు కట్టెతో కదిలిస్తాం. నేల మీద పడుకునేవాళ్లకు కట్లపాము భయం ఎక్కువ, దాని కాటు నొప్పి తెలియదు, నిద్రలోనే విషం ఎక్కుతుంది. అందుకే మంచం మీద, దోమతెర పక్క కిందికి దోపి పడుకోవాలి. కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం, ఇవేవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి పాము మందు ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా పోవాలి.

మా పిల్లలను సెలవులకు మీ దగ్గరికి పంపవచ్చా?

పంపండి. టోపీ, చెప్పులు, నూలు బట్టలు చాలు. మొదటి మూడు రోజులు ఫోన్ కోసం ఏడుస్తారు. నాలుగో రోజు నుంచి దూడకు పేరు పెడతారు. బావులు, కుంటల దగ్గరికి మాత్రం పెద్దవాళ్లు లేకుండా పంపం. ఈ విషయంలో ఎవరు బతిమాలినా వినం.

మే నెలలో పిడుగులు పడతాయి కదా?

పడతాయి. పొద్దంతా ఉక్క పోసి, మూడు గంటలకు పడమట నల్లగా కమ్మితే పని ఆపేస్తాం. చెట్టు కింద నిలబడకూడదు, గొర్రెలను కూడా చెట్టు కింద తోలకూడదు. మా వాడు ఫోన్లో దామిని యాప్ పెట్టాడు, చుట్టుపక్కల పిడుగు పడుతుంటే అది చెబుతుంది. అరుగు మీద రేడియో వినే మా అత్త కూడా ఇప్పుడు 'దామిని ఏమంటుంది?' అని అడుగుతుంది.

వాన రాకముందే విత్తనం చల్లడం గురించి విన్నాం. అది పనిచేస్తుందా?

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో నవధాన్యాల విత్తనాలకు మట్టి, పేడ, బూడిద పట్టించి గుళికల్లాగా చేసి పొడి నేలలో చల్లుతున్నారు. చిన్న జల్లుకే మొలుస్తాయి, నేల బోడిగా ఉండదు. మేము ఒక ఎకరాలో రెండేళ్లు చేశాం. మొదటి ఏడు పలచగా మొలిచింది. రెండో ఏడు మోకాలెత్తు వచ్చింది, పశువులకు కోసి మేపి మిగతాది కలియదున్నాం. నాకు నమ్మకం కుదిరింది. మీరు ఒక ఎకరాతో మొదలుపెట్టండి.

మొదటి వాన పడగానే శెనక్కాయ విత్తేయవచ్చా?

ఆగండి. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, అంతగా కాగిన నేల మొదటి వానను ఒక్క గుక్కలో తాగేస్తుంది. పైన తడి కనిపిస్తుంది, లోపల పొడి. ఆ తడికి విత్తితే గింజ ఉబ్బి, మొలక రాక, కుళ్లిపోతుంది. పైగా మా దగ్గర జూన్, జూలైలో పడమటి గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే, రామగిరి కొండల మీద గాలిమరలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఆ గాలి రెండు రోజుల్లో పదును, అంటే విత్తనానికి సరిపడే నేల తడి, లాగేస్తుంది.

వానకు పండే శెనక్కాయకు మా వైపు జూలై నెల మంచిది. జూన్ మొదట్లో విత్తిన పంట సరిగ్గా ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళకు బెట్టలో (వానలేమిలో) చిక్కుకుంటుంది. జూలైలో వేస్తే కాయ ఊరే సమయానికి సెప్టెంబరు వానలు అందుతాయి, మా దగ్గర ఎక్కువ వాన పడేది ఆ నెలలోనే. ముంగారు (తొలకరి) జల్లులకు గుంటక తోలి కలుపు చంపుకుంటూ, ఎరువు కలుపుకుంటూ కాచుకుని ఉండాలి. పక్క చేలో గొర్రు (విత్తే పనిముట్టు) కట్టారని మనకు టెన్షన్ పుడుతుంది. మా ఆయనకూ పుడుతుంది.

పదును చూడటానికి మా మామ నేర్పిన పద్ధతే మాది. వాన వెలిసిన మరునాడు పొద్దున చేలో నాలుగు చోట్ల పారతో తవ్వుతాం. మోచేతి దాకా చేయి పెట్టి అడుగున ఉన్న మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ముద్ద అయి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. నాలుగు చోట్లా అట్లా విడిపోతే ఇంటికి వచ్చి గొర్రు కడిగి, ఎద్దులు ఉన్న మా బావగారింటికి కబురు పంపుతాం.